పక్కన పెట్టడం

ఎక్సెల్‌లో ఒక్కో షీటుకి 10,48,576 వరుసలు, 16,384 కాలమ్స్ ఉంటాయి. రెండూ గుణిస్తే 1,717 కోట్లకు పైగా గళ్లు. లాప్‌టాప్ తెర మీద ఒకసారికి ఇబ్బంది లేకుండా చదవగలిగేవి ఓ నలభై వరుసలు, ఓ ఇరవై కాలమ్స్, అంటే మహా అయితే ఎనిమిది వందల గళ్లు. పెద్ద మైదానాన్ని తాళంకన్నంలోంచి చూసినట్టు. రోజూ దీంతోనే పని కాబట్టి మాలాంటివాళ్లకి ఇందులో వింతేమీ కనిపించదు. కానీ ఇందులో ఉన్న ఒక చిన్న సదుపాయం గురించి ఆలోచిస్తూ పోతే అది నీతికి సంబంధించిన ఒక పాత ప్రశ్న దగ్గర తేలింది. ఆ దారి ఎలా సాగిందో ఇక్కడ రాసే ప్రయత్నం చేస్తాను.

12వ వరుసలో ఉన్న అంకెని 900వ వరుసలో ఉన్న అంకెతో సరిచూడాలి. ఏం చేస్తాం? పైన చూసి, లోపల్లోపల వల్లించుకుంటూ కిందికి స్క్రోల్ చేస్తాం. అక్కడికి చేరేసరికి అది 4,610నా 4,160నా అని అనుమానం. మళ్లీ పైకి. స్ప్రెడ్‌షీట్లు పుట్టిన రోజునుంచీ ఉన్న బాధ ఇది. 1979లో ఆపిల్ 2 కంప్యూటర్ కోసం డాన్ బ్రిక్లిన్, బాబ్ ఫ్రాంక్‌స్టన్ తయారుచేసిన విసికాల్క్‌లో మొత్తం ఉన్నవే 254 వరుసలు, 63 కాలమ్స్. అయినా తెరని రెండుగా చీల్చే కమాండ్ అందులో అప్పుడే ఉంది. అంటే ఎవరో వచ్చి అడిగేదాకా ఆగలేదు. అంకెల్ని పేర్చడం ఎంత ముఖ్యమో, దూరదూరంగా ఉన్న రెండింటిని ఒకే చూపులోకి తేవడం అంత ముఖ్యమని వాళ్లకి మొదట్లోనే తెలిసిపోయింది.

ఇప్పుడు ఎక్సెల్‌లో దీనికి మూడు దారులున్నాయి. స్ప్లిట్ అంటే తెర మధ్యలో ఒక గీత పడుతుంది. గీతకి ఇటు ఒక చోటు, అటు ఇంకో చోటు చూసుకోవచ్చు. ఫ్రీజ్ పేన్స్ అంటే పై వరుసో, ఎడమ కాలమో కదలకుండా నిలబడిపోతుంది, మిగతాది జరుగుతుంటుంది. న్యూ విండో అంటే అదే ఫైలు రెండో కిటికీలో తెరుచుకుంటుంది, రెండూ పక్కపక్కన పెట్టుకోవచ్చు. మూడింటికీ ఒక ఉమ్మడి లక్షణం ఉంది. కనిపించేవి రెండు, ఉన్నది ఒకటే. గీతకి పైన ఒక అంకె మారిస్తే, దాని మీద ఆధారపడ్డ మొత్తం గీతకి కింద తక్షణం మారిపోతుంది. రెండు కాపీలు తీసి పోల్చడం వేరు, ఇది వేరు. ఇక్కడ ఇటుది అటుదాన్ని కదిలిస్తోందని కళ్లముందు తెలుస్తుంది.

ఇంతకీ నీతి ప్రశ్న ఏమిటంటే, మనిషి తప్పు ఎందుకు చేస్తాడు? తెలియక చేస్తాడనేది ఒక జవాబు. తెలిసీ, దుర్బుద్ధితో చేస్తాడనేది ఇంకోటి. మన చదువులూ చట్టాలూ దాదాపు ఈ రెండు జవాబుల చుట్టూనే తిరుగుతాయి. తెలియనివాడికి చెప్పాలి, చెడ్డవాణ్ణి ఆపాలి. కానీ నేను చూసిన అన్యాయాల్లో ఎక్కువ భాగం ఈ రెంటిలోనూ ఇమడవు. వాళ్లకి విషయం తెలుసు. బుద్ధి కూడా మరీ చెడ్డదేం కాదు. రెండు సంగతులూ విడివిడిగా తెలుసు. కలిపి ఎప్పుడూ చూడలేదు. ఒకటి 12వ వరుసలో ఉంది, ఇంకోటి 900వ వరుసలో ఉంది.

కన్యాశుల్కంలో అగ్నిహోత్రావధాన్లుని తీసుకోండి. పెద్దకూతురు బుచ్చమ్మని డబ్బు తీసుకుని ముసలివాడికిచ్చి చేశాడు, ఆ పిల్ల విధవై ఇంట్లోనే తిరుగుతోంది. ఇప్పుడు చిన్నకూతురు సుబ్బిని లుబ్ధావధాన్లు అనే ఇంకో ముసలివాడికి అమ్మబోతున్నాడు. ఆయనకి తెలియనిదేముంది? బుచ్చమ్మ రోజూ కళ్లెదుటే ఉంది. సుబ్బి బేరం ఆయన నోటితోనే కుదిరింది. కానీ ఆయన లెక్కలో బుచ్చమ్మ ఒక పేజీ, సుబ్బి ఇంకో పేజీ. భార్య వెంకమ్మ ఆ రెంటినీ ఒకచోట చూడగలిగింది. చూసింది కాబట్టే ఆమెకి ఇక వాదనలతో పని లేకపోయింది, వెళ్లి నూతిలో దూకింది. మొగుడికి తెలియని సంగతి ఒక్కటీ ఆవిడకి అదనంగా తెలియదు. ఇద్దరి దగ్గరా ఉన్న సమాచారం ఒకటే, గీత ఎక్కడ గీశారన్నదే తేడా. ఆ నాటకం చదివినప్పుడల్లా మనం అవధాన్లుని చూసి నవ్వుకుంటాం, కోపిష్టి అనో ఆశపోతు అనో ఒక మాట అనేస్తాం. ఆ మాటలు నిజమే గానీ సరిపోవు. ఆశపోతుతనానికి కూడా పనిచెయ్యడానికి ఒక పద్ధతి కావాలి. ఇద్దరు కూతుళ్లనీ ఒకే తెర మీదకి రానివ్వకపోవడమే ఆ పద్ధతి.

మన కొట్లల్లో లెక్కలు రాసే పాత పద్ధతిలో రెండు పుస్తకాలుండేవి, చిట్టా, ఆవర్జా. చిట్టా రోజువారీది: ఇవాళ ఎవరికేం ఇచ్చాం, ఎవరినుంచేం వచ్చింది, జరిగింది జరిగినట్టు వరసగా. అవే పద్దుల్ని మనిషివారీగా తిరగరాస్తే ఆవర్జా అవుతుంది. చిట్టాలో మంగళవారం కనిపిస్తుంది, ఆవర్జాలో మనిషి కనిపిస్తాడు. మన జ్ఞాపకం చాలామటుకు చిట్టాలాగే ఉంటుంది. ఆ రోజు ఆఫీసులో చికాకుగా ఉంది, అందుకని ఇంట్లో విసుక్కున్నాం. ఇంకోరోజు తలనొప్పి, అందుకని విసుక్కున్నాం. ఏ రోజుకారోజు కారణం సరిపోయింది, పద్దు మూసేశాం. ఎదుటిమనిషి దగ్గర మాత్రం ఆవర్జా ఉంది. అందులో మన పేరు కింద అన్నీ ఒకదాని కింద ఒకటి ఉన్నాయి. “నువ్వెప్పుడూ ఇంతే” అని వాళ్లన్నప్పుడు, “ఎప్పుడూ ఎక్కడ, మొన్న ఒక్కసారి కదా” అని మనం అంటాం. ఇద్దరూ అబద్ధం చెప్పట్లేదు. చెరో పుస్తకం చదువుతున్నారంతే.

తెలుగులో ఒక చిత్రం ఉంది. “ఆ సంగతి పక్కన పెట్టు” అంటే దాన్ని వదిలెయ్, ఇప్పుడొద్దు అని. “దీని పక్కన పెట్టు” అంటే దగ్గరికి తీసుకురా, కలిపి చూద్దాం అని. ఒకే క్రియ, ఒకటి చూపులోంచి తీసేస్తుంది, ఒకటి చూపులోకి తెస్తుంది. మీటింగుల్లో ఎవరైనా “ముందు ఇది పక్కన పెడదాం” అన్నప్పుడల్లా నాకు అడగాలనిపిస్తుంది, దేని పక్కన? “దేని” అనే ఆ చిన్న మాట ఉంటే పోలిక, లేకపోతే పరిహారం. స్ప్రెడ్‌షీట్‌లో కూడా ఈ రెండూ ఉన్నాయి. గీత గీసి రెంటినీ దగ్గరికి తేవచ్చు, లేదా కాలమ్‌ని హైడ్ చెయ్యొచ్చు. హైడ్ చేస్తే అక్షరాలు ఎఫ్ తర్వాత ఒక్కసారిగా కె అని దూకుతాయి. చూసేవాళ్లు ఎంతమంది ఆ దూకుడు గమనిస్తారు?

ఇక్కడ ఒక అభ్యంతరం రావాలి. పోల్చడం అంత మంచి పనేనా? “పక్కింటి కుర్రాణ్ణి చూడు” అన్న మాట కింద నలిగి పెరిగిన తరం మనది. మార్కులు, ర్యాంకులు, తర్వాత ప్యాకేజీలు. పక్కపక్కన పెట్టడం వల్ల మనుషులు బాగుపడ్డారా, చితికిపోయారా? ఇది నిజమైన అభ్యంతరం. దీనికి చరిత్ర కూడా ఉంది. 1772లో బెంజమిన్ ఫ్రాంక్లిన్, ఏ నిర్ణయమూ తేలక సతమతమవుతున్న జోసెఫ్ ప్రీస్ట్‌లీకి ఉత్తరం రాస్తూ ఒక పద్ధతి చెప్పాడు: కాగితం మధ్యలో గీత గీసి ఒకవైపు అనుకూలాలు, ఒకవైపు ప్రతికూలాలు రాయి, సమానమైనవాటిని కొట్టేసుకుంటూ పో, మిగిలినదే జవాబు. 1838లో చార్లెస్ డార్విన్ పెళ్లి చేసుకోవాలా వద్దా అని ఇలాగే రెండు కాలమ్స్ రాసుకున్నాడు. రాసుకుని, మరుసటేడు పెళ్లి చేసుకున్నాడు. ఫ్రాంక్లిన్ పద్ధతిలో చిక్కు గీతలో లేదు, కొట్టెయ్యడంలో ఉంది. ఇటువైపు స్నేహం, అటువైపు జీతం; రెండూ సమానం అని కొట్టెయ్యాలంటే రెంటినీ కొలిచే ఒకే రాయి ఉండాలి. ఆ రాయి ఎక్కణ్ణుంచి వచ్చింది?

అందుకని రెండు పనుల్ని విడదీసి చూడాలనుకుంటాను. పక్కన పెట్టడం ఒకటి, పోల్చడం ఒకటి. పక్కన పెట్టడానికి ఉమ్మడి కొలత అక్కర్లేదు. రెంటినీ ఒకేసారి చూస్తే చాలు. పోల్చడానికి మాత్రం కొలత కావాలి, ఆ కొలత ఎవరో ఒకరు ఎంచాలి. రెండు కిటికీల్ని పక్కపక్కన పెట్టగానే ఎక్సెల్ సింక్రనస్ స్క్రోలింగ్ అనేదాన్ని తనంతట తనే ఆన్ చేస్తుంది. ఒకటి జరిపితే రెండోది అంతే జరుగుతుంది, ఇక్కడి 50వ వరుసకి జోడీ అక్కడి 50వ వరుసే అన్నట్టు. పక్కింటి కుర్రాడితో పోలికలో జరిగేది ఇదే. ఇద్దరికీ పదహారేళ్లు కాబట్టి ఇద్దరూ ఒకే వరుస అని ముందే ఒప్పేసుకున్నాం. ఆ బటన్ ఆఫ్ చెయ్యొచ్చు. అప్పుడు ఏది దేనికి జోడీయో మనమే వెతుక్కోవాలి. కష్టమే, కానీ నిజాయితీ ఉన్న కష్టం.

ఈ తేడా ఎంత దూరం పోతుందో చెప్పడానికి ఒక ప్రసిద్ధమైన షీటు ఉంది. 2010లో కార్మెన్ రైన్‌హార్ట్, కెనెత్ రోగాఫ్ అనే ఇద్దరు ఆర్థికశాస్త్రవేత్తలు ఒక పేపర్ రాశారు. దేశం అప్పు జీడీపీలో 90 శాతం దాటితే వృద్ధి బాగా పడిపోతుందని, సంపన్న దేశాల యుద్ధానంతర లెక్కల్లో అలాంటి ఏళ్ల సగటు వృద్ధి మైనస్ 0.1 శాతం అని అందులో ఉంది. ప్రభుత్వ ఖర్చులు కొయ్యాలన్నవాళ్లకి అది పెద్ద ఆయుధమైంది. 2013లో థామస్ హెర్న్‌డన్ అనే పరిశోధక విద్యార్థి క్లాసు పని కోసం ఆ లెక్క మళ్లీ చెయ్యబోతే రాలేదు. అసలు షీటు అడిగి తెప్పించుకుని చూస్తే, సగటు ఫార్ములా 30 నుంచి 49వ వరుస దాకా పోవాల్సింది 44 దగ్గరే ఆగిపోయింది. ఆస్ట్రేలియా, ఆస్ట్రియా, బెల్జియం, కెనడా, డెన్మార్క్ లెక్కలోకే రాలేదు. అతనూ, ప్రొఫెసర్లు మైకేల్ ఆష్, రాబర్ట్ పోలిన్ కలిసి మళ్లీ లెక్కిస్తే ఆ సగటు 2.2 శాతం వచ్చింది.

ఈ కథని సాధారణంగా ఇక్కడితో ఆపేసి “చూశారా, ఎక్సెల్ ఎంత పని చేసిందో” అంటారు. అసలు విషయం దీని తర్వాతే ఉంది. ఆ మొత్తం తేడాలో వరుసల పొరపాటు వాటా చిన్నది. పెద్ద వాటా, ఏ ఏళ్లు లెక్కలోంచి వదిలేశారు, దేనికి ఎంత బరువిచ్చారు అన్నవాటిది. బ్రిటన్ 19 ఏళ్లు 90 శాతం పైన ఉంది. న్యూజిలాండ్‌కి వాళ్ల లెక్కలో మిగిలింది ఒకే ఒక్క సంవత్సరం, 1951, ఆ ఏడు వృద్ధి మైనస్ 7.6. సగటులో ఈ ఒక్క ఏడుకీ ఆ పంతొమ్మిదేళ్లకీ ఒకే బరువు. ఫార్ములా తప్పుని ఆ ఇద్దరూ ఒప్పుకున్నారు. బరువుల గురించి మాత్రం మా పద్ధతి మాది అన్నారు. ఫార్ములా తప్పు స్ప్లిట్ చేసి చూసిన ఎవరికైనా దొరుకుతుంది. బరువు సంగతి అలా దొరకదు. లెక్కించాల్సింది దేశాల్నా, ఏళ్లనా అన్న ప్రశ్నకి ఏ గడిలోనూ జవాబు లేదు. పక్కన పెట్టడం మనల్ని ఆ ప్రశ్న దాకా తీసుకెళ్తుంది, అక్కడ వదిలేస్తుంది.

చిన్న స్థాయిలో దీన్ని నేను దగ్గర్నుంచి చూశాను. కొన్నేళ్ల కిందట నేను పనిచేసిన ఒక కంపెనీలో ఏడాది చివరి రేటింగ్ మీటింగు. ప్రొజెక్టర్ మీద షీటు. ఏడాదిలో ముగించిన టికెట్ల సంఖ్య నాలుగో కాలమ్‌లో, సెలవుల వివరాలు ఎక్కడో కుడివైపు చివర. ఒక అమ్మాయి దగ్గర ఆ సంఖ్య మిగతావాళ్లలో సగం కంటే కాస్త ఎక్కువుంది. రేటింగ్ కిందికి పోబోతుంటే నా పక్కన కూర్చున్న టీమ్ లీడ్, ఆవిడ ఏమీ వాదించకుండా, మౌస్ తీసుకుని తెరని నిలువుగా చీల్చింది. ఎడమవైపు టికెట్లు, కుడివైపు సెలవులు. ఆ అమ్మాయికి ప్రసూతి సెలవు, చట్టం ఇచ్చిన 26 వారాలు. సగం ఏడాదిలో ఆమె చేసిన పని పక్కవాళ్ల సగం ఏడాది పనికంటే ఎక్కువే. గదిలో కాసేపు ఎవరూ మాట్లాడలేదు. తర్వాత ఒకాయన, రూల్ అందరికీ ఒకటే కదా అన్నాడు. రేటింగ్ మారలేదు. కొన్ని నెలలకి ఆమె వేరే ఉద్యోగం చూసుకుంది.

మరి ఆ గీత వల్ల ఏం ఒరిగిందని అడగొచ్చు. ఫలితం చూస్తే ఏమీ లేదు. కానీ గీత పడేదాకా అక్కడ జరుగుతున్నది లెక్క, పడ్డాక అది నిర్ణయం. అప్పటిదాకా “షీటు అలా చెప్పింది” అనొచ్చు. ఆ తర్వాత ఆ గదిలో ఎవరూ ఆ మాట అనలేకపోయారు. పక్కపక్కన చూడటం మనుషుల్ని మంచివాళ్లని చేస్తుందని నేననను. వాళ్లు చేస్తున్నది వాళ్ల పేరు మీదే పడేట్టు చేస్తుంది, అంతే. అన్యాయం చెయ్యాలంటే ఇక చూస్తూ చెయ్యాలి. చాలామందికి అది కష్టం. కొందరికి కాదు, ఆ సంగతి కూడా అప్పుడే తెలుస్తుంది.

ఫ్రీజ్ చెయ్యడం దీనికి తోడు విద్య. నలభయ్యో కాలమ్ దాకా కుడివైపు జరిగాక ఎదురుగా అంకెలు మిగులుతాయి గానీ అవి ఎవరివో కనిపించదు. అందుకే అనుభవం ఉన్నవాళ్లు షీటు తెరవగానే ముందు పేర్ల కాలమ్‌ని ఫ్రీజ్ చేస్తారు. ఎంత దూరం పోయినా మనిషి పేరు ఎడమవైపు నిలబడే ఉంటుంది. ఇక్కడొక షరతుంది. మీరు ఏ గడిలో నిలబడి ఆ బటన్ నొక్కారో, దాని పైనా ఎడమా ఉన్నవే నిలుస్తాయి. బి2లో నిలబడితే శీర్షికలూ పేర్లూ నిలుస్తాయి. ఇంకెక్కడో నిలబడితే ఇంకేదో నిలుస్తుంది. ఏది కదలకూడదో తేల్చేది మనం ఎక్కడ ఉన్నామన్నదే. పేరు కదలకుండా ఉంచాలా, ఖర్చు కదలకుండా ఉంచాలా అన్నది సాఫ్ట్‌వేర్ అడగదు.

అసలు షీటులోకే రానివాటిని ఏ గీతా చూపించలేదు. 2020 సెప్టెంబర్ 25కీ అక్టోబర్ 2కీ మధ్య ఇంగ్లండ్‌లో 15,841 కోవిడ్ కేసులు రోజువారీ లెక్కల్లో చేరలేదు. ఫలితాల్ని పాత తరహా ఎక్సెల్ ఫార్మాట్‌లోకి ఎక్కించారు, అందులో 65,536 వరుసలకి మించి పట్టవు. ఆ వరుసలు పడిపోయినట్టు షీటు చూస్తే తెలియదు. చివరి వరుస చివరి వరుసలాగే ఉంటుంది. వాళ్లతో కలిసి తిరిగినవాళ్లని వెతికి హెచ్చరించడం ఆ మేరకు ఆలస్యమైంది. మన దగ్గర ఇలాంటిదే ఇంకా నెమ్మదిగా, తరాల తరబడి జరిగింది. ఇంటిపనికి దేశం లెక్కల్లో వరుస లేదు. 2019లో మొదటిసారి దేశవ్యాప్తంగా కాల వినియోగ సర్వే చేస్తే, ఇంటిపని చేసే ఆడవాళ్లు రోజుకి సగటున 299 నిమిషాలు, చేసే మగవాళ్లు 97 నిమిషాలు దానిమీద పెడుతున్నారని తేలింది. ఈ సంగతి తెలియని ఇల్లు దేశంలో ఒకటైనా ఉంటుందా? అందరికీ తెలుసు. కానీ రెండు అంకెలు ఒకదాని పక్కన ఒకటి నిలబడటానికి ఒక సర్వే కావాల్సి వచ్చింది.

ఇక ఆచరణ సంగతి. అన్నిటినీ అన్నిటి పక్కనా పెట్టి చూడటం ఎవరివల్లా కాదు. వెయ్యి వరుసలుంటే 4,99,500 జంటలు అవుతాయి. జీవితంలో వరుసలు వెయ్యితో ఆగవు కూడా. ఏదో ఒకటి ఎంచుకోవాలి. ఎలా ఎంచుకోవాలన్నదానికి నాకు ఒకే ఒక్క సూత్రం తోస్తోంది: ఏ రెండు వరుసలు దూరంగా ఉంటే నాకు సుఖంగా ఉంటుందో, ముందు ఆ రెంటి మధ్య గీత గియ్యాలి. మిగతా జంటల్ని ఆసక్తి కొద్దీ ఎవరో ఒకరు చూస్తారు. ఈ జంటని నేను చూడకపోతే నా తరఫున ఇంకెవరూ చూడరు.

నాలాంటివాళ్ల ఇళ్లల్లో నెల ఖర్చుల షీటు ఒకటి ఉంటుంది. పనమ్మాయి జీతం పైన, ఇంటద్దె తర్వాత. వారాంతాల్లో బయట తిండి, సినిమాలు, క్యాబులు ఎక్కడో కింద, “ఇతరాలు” లోపల. ఆవిడ వచ్చి అయిదొందలు పెంచమ్మా అని అడిగితే “మా బడ్జెట్‌లో లేదు” అంటారు. అది అబద్ధం కాదు. పైవరుసలో నిజంగానే లేదు. ఆ మాట అనేముందు తెరని చీల్చి పైవరుసనీ కిందివరుసనీ ఒకసారి కలిపి చూస్తే, పెంచొచ్చు, పెంచకపోవచ్చు, అది ఎవరిష్టం వాళ్లది. “బడ్జెట్‌లో లేదు” అన్న మాట మాత్రం ఇక నోటికి రాదు. “ఇవ్వదల్చుకోలేదు” అన్న మాటే మిగులుతుంది. అది పైకి అనగలమో లేదో అప్పుడు ఆలోచించుకోవచ్చు.